పుంగనూరు ఫోటో, మదనపల్లె పేరు

రెండు మీటలు నొక్కడం మరిచిపోయి, నా దుకాణంలో, నా కంప్యూటర్ ముందే, నా పరువును నేనే గోడకెక్కించబోయిన సంగతి చెబుతాను. మీరు ఎంత నవ్వినా ఫర్వాలేదు. ఆ రోజు నవ్విన వాళ్ల ముందు మీ నవ్వు ఏ మూలకూ రాదు.

మదనపల్లెలో నాదొక ఫోటో స్టూడియో. పుంగనూరులో షంషాద్‌ది ఒకటి. ఇద్దరం ఒకే గురువు దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్నాం. నాకంటే రెండేళ్లు వెనక చేరిన పిల్ల, స్టూడియో పెట్టాక నన్ను దాటిపోయింది. బి.కొత్తకోట పెళ్లివారు సైతం నా గుమ్మం ముందు నుంచే బస్సులో ఆమె దగ్గరికి పోయేవారు. ఆ బస్సును చూస్తే నాకు పచ్చిమిరపకాయ నమిలినట్టుండేది.

ఒకసారి కుప్పంలో పెళ్లి. ఆడపెళ్లివారికి నేను, మగపెళ్లివారికి షంషాద్. తాళి కట్టే క్షణంలో నేను తీసిన ఫోటోలో పెళ్లికొడుకు మేనమామ మోచెయ్యి అద్భుతంగా వచ్చింది. పెళ్లికూతురు మాత్రం రాలేదు. షంషాద్ ఫోటోలో ఆ అమ్మాయి తల వంచుకుని నవ్వుతోంది, జుట్టులో పడిన అక్షింతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పెళ్లికూతురి నాన్న మునిరత్నప్ప నాకు ఫోన్ చేశాడు. షంషాద్ దగ్గర్నుంచి ఆ ఫోటో తెప్పించి నాకు పంపించాడట. వెలుతురు కాస్త పెంచి పెద్ద ఫ్రేము కట్టాలట. కూతురు అత్తగారింటికి వెళ్లేలోపే ఆ నవ్వు తన ఇంటి గోడ మీద ఉండాలట. సాయంత్రానికి తానే వస్తానన్నాడు.

ఆమె తీసిన ఫోటోకు నేను ఫ్రేము కట్టాలి. చూడండి నా ఖర్మ.

ఫోటో కింది మూలన చిన్న అక్షరాల్లో ఆమె స్టూడియో పేరుంది. కుప్పం చుట్టాలంతా ఇక ఇరవై ఏళ్లు ఆ పేరే చదువుతారు. మీ దగ్గర దాచి లాభం లేదు, మూడు గంటలు కూర్చుని దాన్ని చెరిపాను. దాని కింద చీర అంచును దారం దారంగా మళ్లీ అల్లాను. ఆ చోట నా పేరు కొట్టడం మొదలుపెట్టి ‘రమణ స్టూడియో, మదన’ దాకా వచ్చేసరికి మునిరత్నప్ప ఫోన్. బస్సెక్కాడట. కంగారులో అక్షరాలను అక్కడే వదిలేసి, పెళ్లికూతురి ముఖాన్ని తెరంతా పెద్దది చేసి వెలుతురు పెంచబోయాను.

మెనూ తెరిస్తే అంతా బూడిద రంగు. వెలుతురు పెంచడానికి లేదు, రంగు మార్చడానికి లేదు, సేవ్ చేయడానికీ లేదు. మౌస్ ముట్టకుండా మీటలతోనే పని చేస్తానని ఊరంతా చెప్పుకునే మనిషిని కదా, కుంచె, అదే బ్రష్, కోసం ‘బ’ మీట నొక్కాను. రాలేదు. కోపంతో నొక్కాను, బతిమాలుతూ నొక్కాను. అయినా రాలేదు. మూసి తెరుద్దామంటే సేవ్ కాని మూడు గంటల దొంగపని గాల్లో కలిసిపోతుంది. కంప్యూటర్ అమ్మినాయనను అడిగితే, ఫోటోకు తాళం పడిందేమో చూడమన్నాడు. తాళం అనే మాట చెవిన పడగానే నాకు మొత్తం అర్థమైపోయింది. ఇంకెవరూ దిద్దకుండా షంషాదే తాళం వేసి పంపింది.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

“నీ ఫోటోకు తాళం యాల వేసినావు?”

“నేనేం తాళం వేయలేదన్నా. ప్రింటు కాగితం కోసం మదనపల్లెకే వస్తాండాను. వచ్చి సూస్తాలే,” అని పెట్టేసింది. వద్దని చెప్పడానికి మళ్లీ చేస్తే ఎత్తలేదు.

కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే కదా వచ్చేది. ఇద్దరూ ఒకే బస్సు దిగి, కబుర్లు చెప్పుకుంటూ లోపలికొచ్చారు. షంషాద్ నా భుజం మీంచి తెర వైపు చూసింది.

“యాడో అక్షరాలు కొడ్తా మధ్యలో ఇడిసిపెట్టినావన్నా. ఆ పని ముగిస్తేగానీ మిగతావి పనిచేయవు.”

నేనేమీ కొట్టలేదన్నాను. ఆమె చెయ్యి చాచి కంట్రోల్‌తో పాటు ఎంటర్ నొక్కింది. మెనూ అంతా వెలిగింది. ఎంత మంచి పిల్ల అనుకున్నాను, ఒక్క క్షణం. మరుక్షణం ఆమె ఫోటోను పూర్తిగా కనబడేలా చిన్నది చేసింది.

పెళ్లికూతురి పాదాల నుంచి పురోహితుడి పంచె దాకా నా పేరు పరుచుకుని ఉంది. నేను నొక్కిన ప్రతి ‘బ’ అక్కడికే చేరింది. మునిరత్నప్ప కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివాడు.

“రమణ స్టూడియో, మదనబబబబబబబ. ఇదేమప్పా, మీ ఊరి పేరు మార్చినారా?”

షంషాద్ నవ్వలేదు. తన పేరుండిన చోటును దగ్గరగా చూసింది.

“ఈడ నా పేరుండాల. తీసిన గుర్తే తెలీలేదు. అంచు ఎంత బాగా కలిపినావన్నా, నాకు ఇంత బాగా రాదు. నా ఫోటోల్లో మచ్చలు తీసేదానికి మనిషి కావాల, వస్తావా?”

సిగ్గుతో చావాల్సిన ఆ క్షణంలో నేను సంతోషపడ్డాను. ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నా ముఖం ఎలా వెలిగిందో గానీ, దాన్ని చూసి అప్పుడు నవ్వారు ఇద్దరూ, బల్ల పట్టుకుని మరీ. ఆమె పేరును మళ్లీ నా చేతులతోనే కొట్టాను, ముందుకంటే కాస్త పెద్దగా. ఫ్రేము ఆ రాత్రి బస్సుకే కుప్పం వెళ్లింది.

కాబట్టి మహాజనులారా, కెమెరా ముట్టుకుని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఊపిరున్నంత వరకు ఇంకొకరి ఫోటో మీద నా పేరు వేయను. అసూయ మానేస్తానని మాత్రం అనలేదు, గమనించండి. పోయిన వారమే షంషాద్ మా వీధి చివర రెండో స్టూడియో తెరిచింది.