పోస్టులో చదరంగం

మిషిగన్‌లోని నోవైలో డాక్టర్ అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో ఆ ఆదివారం మధ్యాహ్నం ఉన్నవి: ఎర్ర అట్టల లావుపాటి పుస్తకాలు పధ్నాలుగు, ఒక భూతద్దం, స్టీలు గిన్నెలో జంతికలు, నా ల్యాప్‌టాప్. ఉన్నవాళ్లు: అంకుల్, ఆంటీ, నేను.

పుస్తకాలు నేనే తెచ్చాను. బ్రిటన్‌లో పేరున్నవాళ్ల వివరాలతో ఏటేటా వచ్చే డైరెక్టరీ అది. లైబ్రరీవాళ్లు వరసగా పధ్నాలుగేళ్ల పాత సంపుటాలు వదిలించుకుంటుంటే, అంకుల్ ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పనిచేశారని గుర్తొచ్చి కార్‌లో వేసుకొచ్చాను.

"చిన్న ఇంటికి మారదామని మేం సామాను తగ్గిస్తుంటే, నువ్వు లైబ్రరీని దింపావా నాయనా," అంది ఆంటీ.

అంకుల్ అన్నిటికంటే పాత సంపుటం నా ముందుకు తోసి, ఇంగ్లండ్‌లో తన పై సర్జన్ పేరు చెప్పి వెతకమన్నారు. అక్షరాలు చీమలంత ఉన్నాయి. పుట్టిన ఏడు, చదువు, ఉద్యోగాలు చదివాను. చివర్న కాలక్షేపాలు: తోటపని, కొండల్లో నడక, పోస్టులో చదరంగం.

"ఆ పోస్టుకి ఇవతల ఉన్నది నేనే," అన్నారు అంకుల్.

ఆయన మిషిగన్ వచ్చాక ఇద్దరూ ఉత్తరాల్లో ఆడేవారట. ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఎత్తు. ఒక చలికాలం అంకుల్ వంతు వచ్చింది. హాస్పిటల్ డ్యూటీలు, పసిపిల్లలు. రేపు రాద్దాం అనుకుంటూ నెలలు గడిపారు. ఆ తర్వాత రాయడానికి మొహం చెల్లలేదు. ఆ సంపుటం దాని మరుసటి ఏడాదిది.

"పేషెంట్లు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేవారు, ఒక్క కార్డు ముక్క రాయలేకపోయారా," అంది ఆంటీ.

"అప్పటికింకా నా మీద ఆశ ఉండి ఉంటుంది. తర్వాత చదరంగం తీసేసి ఉంటారు. చూడు."

ముందుమాట చదివి ఆయనకి రెండు సంగతులు చెప్పాను. అచ్చుకు ముందు ప్రతి ఏడూ ఎవరి వివరాలు వాళ్లకే పంపుతారు, వాళ్లు దిద్ది తిప్పి పంపుతారు. కాబట్టి చదరంగం కనిపిస్తే, ఆ ఏడాది కూడా ఆయనే ఉంచారన్నమాట. రెండోది, బతికున్నవాళ్లే ఇందులో ఉంటారు.

అంకుల్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నేను స్ప్రెడ్‌షీట్ తెరిచాను. అలా వరసగా సంపుటాలు తీస్తూ పోయాం. ఆంటీ కూడా మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఉందా?"

"ఉంది అంకుల్."

అయిదో దాంట్లో నడక లేదు.

"మోకాళ్లు," అంది ఆంటీ, తన మోకాలు తడుముకుంటూ.

తొమ్మిదో దాంట్లో తోటపని పోయింది. ఇక ఒకటే మాట మిగిలింది. పదో దాని నుంచి అంకుల్ అడగడం మానేసి, నా వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చున్నారు.

పదమూడో సంపుటంలో ఆ పేరు లేదు. పధ్నాలుగులోనూ లేదు. ఆంటీ లేచి జంతికల గిన్నె ఆయన చేతికి అందించింది. ఆయన పట్టుకున్నారు గానీ తినలేదు.

"మొత్తం ఎన్నేళ్లు కాచుకున్నారో లెక్క చెప్పు," అన్నారు.

ఇప్పుడు వాళ్లు వేరే రాష్ట్రంలో, క్యారీలో కూతురి ఇంటి దగ్గర ఉంటున్నారు. మారేటప్పుడు అంకుల్ ఒక్క సంపుటమే వెంట తీసుకెళ్లారు, చదరంగం ఒక్కటే మిగిలిన వాటిలో చివరిది. నాకిప్పుడు ఆదివారాలు మరీ ఖాళీ. ఆ బేస్‌మెంట్, పాత కాగితాల వాసన, ఆంటీ దెప్పిపొడుపులు గుర్తొచ్చినప్పుడు ఆ ఫైలు తెరుస్తాను. ఆ రోజు ఆయనకు చెప్పిన లెక్క అడుగు వరసలో అలాగే ఉంది.

చదరంగం ఉన్న సంపుటాలు: పన్నెండు.