శని లేని పళ్ళచక్రం

ఆ రోజుల్లో లోకంలోని మూఢనమ్మకాలన్నీ నాతో వాదానికే కాచుకుని ఉన్నాయనీ, నేను ఓడిస్తే తప్ప అవి పోవనీ గట్టిగా నమ్మేవాణ్ణి. (ఈ నమ్మకానికి ఆధారమేమిటని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.) డిప్లొమా చేతికి రాగానే నంద్యాలలో ఒక మిల్లింగ్ వర్క్‌షాపులో చేరాను. యంత్రాల్లో పళ్ళచక్రం విరిగితే దాని బదులు కొత్తది కోసివ్వడం మా పని. యజమానిని అందరూ మిల్లింగ్ భాయ్ అనేవారు. ముహూర్తం చూసుకుని వచ్చిన గిరాకీలతో నేను వాదం పెట్టుకుని ఇద్దరు ముగ్గురిని పోగొట్టాక, భాయ్ ఒక రోజు తేల్చేశాడు: "ఇంగొక గిరాకీ నీ నోటితో పోయిందనుకో, ఆయన్న ఎక్కిన బస్సులోనే నువ్వూ ఎక్కు."

సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ నుంచి విగ్రహాలు చెక్కే పెద్దాయన ఒకరు వచ్చి, రాయి కోసే రంపం మోటారుకుండే చిన్న చక్రాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పళ్ళు విరిగి ఉన్నాయి. డోన్‌లో ఒక గుడికి ఇవ్వాల్సిన విగ్రహం, రాయి సగం కోతలో ఆగిపోయిందట. పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

"ఇరవై ఆరొద్దప్పా," అన్నాడాయన. "రెండూ ఆరూ కలిపితే ఎనిమిది, శని నంబరు. అందుకే మాటిమాటికీ ఇరుగుతాండాదని మా సామి చెప్పినాడు. ఇరవై ఏడు పెట్టు, తొమ్మిదొస్తాది."

"ఆళ్లగడ్డలో నీ రంపం యాడుందో శనికెట్ల తెలుస్తాదన్నా?"

"నీకు తెలిసింది గదప్పా. ఆయప్పకు తెలీదా?"

వెనక నుంచి భాయ్ దగ్గాడు. "ఆళ్లగడ్డ బస్సు ఎన్నింటికిరా?"

ఇక లెక్కతోనే ఆయన నోరు మూయించాలని కాగితం తీశాను. ఒక పన్ను పెరిగితే చక్రం పెద్దదవుతుంది. దానికి చోటివ్వడానికి మోటారు రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. జరగదంటే నేను గెలిచినట్టే. "మోటారు బోల్టులు దిగే సందులు గుండ్రంగా ఉండాయా, పొడుగ్గానా?" అన్నాను ఆశగా. "పొడుగ్గా. బొటనవేలంత జరుగుతాది," అన్నాడు. రంపం కాస్త వేగంగా తిరగడం తప్ప నష్టమేమీ లేదు. అంతటితో ఆగినా బాగుండేది. చిన్న చక్రానికి ఇరవై ఆరు, అది తిప్పే పెద్ద చక్రానికి ఆయన చెప్పిన యాభై రెండు అని పక్కపక్కన రాసుకోగానే అసలు సంగతి కనిపించింది. రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. అంటే చిన్న చక్రంలోని ప్రతి పన్నూ ఎప్పుడూ అవే రెండు పళ్ళను తాకుతుంది. పెద్ద చక్రంలో ఒకటి చెడితే దెబ్బంతా చిన్నదాంట్లో ఒకే పన్ను మీద. ఇరవై ఏడైతే ఆ దెబ్బ అన్ని పళ్ళ మీదా సమానంగా పడుతుంది. సామి చెప్పినా, లెక్క చెప్పినా, మంచిది ఇరవై ఏడే! కుదరదని ఒక్క మాట అనేయవచ్చు. కానీ నిజం దాచేవాడు హేతువాది ఎలా అవుతాడు?

కోశాను. మా యంత్రంలో పిడి నలభై చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే నలభైని పళ్ళ సంఖ్యతో భాగించాలి. ఇరవై ఏడుకైతే పన్ను పన్నుకూ పిడిని ఒక పూర్తి చుట్టు తిప్పి, ఇరవై ఏడు రంధ్రాల వలయం మీద ఇంకో పదమూడు రంధ్రాలు జరపాలి. (పదమూడుకు కొన్ని దేశాల్లో చెడ్డపేరుందని ఆయనకు చెప్పలేదు.)

చక్రం కుదిరింది, విగ్రహం డోన్ చేరింది, నా ఉద్యోగం మిగిలింది. పరువు మాత్రం పోయింది. ఆళ్లగడ్డ నుంచి రాతిపనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "శని తీసే పిల్లోడు ఈడేనా?" అని అడగసాగారు. భాయ్ సంతోషంగా నన్ను చూపించేవాడు. చివరికి పెద్దాయనే మిఠాయి పొట్లంతో వచ్చాడు. వదలకుండా కూర్చోబెట్టి, చాక్‌పీసుతో నేల మీద రెండు చక్రాలు గీసి, శనికి ఏ సంబంధమూ లేదనీ, ఆ రెండు సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండటం వల్లే పళ్ళు విరిగాయనీ విడమరిచి చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా విన్నాడు.

"ఇప్పుడు తెలిసిందప్పా," అన్నాడు. "ఆ ఉమ్మడి కారణాంకానికి శాంతి ఏమన్నా చేయించల్లా?"

భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నేను చాక్‌పీసు అందుకుని మళ్ళీ మొదటి చక్రం గీశాను. నేల చాలక గోడ మీదా చక్రాలు గీసిన ఆనాటి కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాను, చప్పట్లూ పడ్డాయి. కానీ మిఠాయి తెచ్చి మరీ, చీకటి పడేదాకా కదలకుండా నా మాట విన్న మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు.