మ్యూరియల్ పన్నెండింటి ప్రార్థన

మా వీధి చివరి ఆరొందల ఏళ్ల రాతి చర్చి ఇప్పుడు కాఫీ హోటలు. రోజూ పదకొండింటికల్లా మ్యూరియల్, భర్త చావుకి కొన్న నల్ల టోపీ పెట్టుకుని వచ్చి, తన పుట్టింటి పేరు చెక్కిన బెంచీ మీద కూర్చుని ఒక్క టీ చెబుతుంది. పాతకాలపు కట్టడం కాబట్టి ఆ బెంచీని కదిలించే హక్కు ఎవరికీ లేదు. హోటలు డెస్మండ్‌ది. నిరుడు చర్చి సంఘానికి పెద్దగా ఉండి దాన్ని అమ్మిందీ తనే, కొనుక్కుందీ తనే. పెళ్లయిన చోటినుంచే సాగనంపమని మ్యూరియల్ భర్త వాల్టర్ చివరి కోరిక. శవపేటిక గుమ్మం దాకా వచ్చాక, "అమ్మకం అయిపోయింది" అని డెస్మండ్ తాళం తియ్యలేదు. వానలో పక్క ఊరికి తీసుకుపోయాం.

సరిగ్గా పన్నెండింటికి మ్యూరియల్ లేచి నిలబడి, "మట్టికి మట్టి, బూడిదకి బూడిద" అని గొంతెత్తుతుంది. సూపు తాగేవాళ్ల చెంచాలు ఆగిపోతాయి. నిన్న ఒక జంట సగం తిని వెళ్లిపోయింది. ఈ తమాషా నేనెందుకు వదులుతాను, పక్క బల్ల దగ్గరే ఉన్నా. డెస్మండ్ ఏడుపు మొహంతో వచ్చాడు.

"బేరం మొత్తం పోతోందండీ! ఏమిటిది మ్యూరియల్ గారూ?"

"ఆ రోజు నువ్వు ఆపిన అంత్యక్రియలే నాయనా. ఇప్పుడు తలుపు తీసే ఉంటోందిగా, రోజుకి కాస్త జరిపిస్తున్నా."

"ఇంకా ఎన్నాళ్లండీ?"

మ్యూరియల్ చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

"తొందరేముంది? ఇంకా పాటల దాకా రాలేదు."