మా బామ్మర్ది విప్పి పెట్టిన స్కూటర్

మా వాడు బండి నడిపాడు! ఈ పొద్దున, తానొక్కడే, మా గల్లీలోంచి బోధన్ రోడ్డు దాకా పోయి, తిరిగి వచ్చి, వాకిట్లో సరిగ్గా నా ముందర బ్రేకు వేసి ఆపాడు. నడుము కింద రెండు కాళ్లూ పనిచేయని నా కొడుకు! ఈ మాట ఎవరికి ముందు చెప్పాలో తెలియక కాగితం మీద పెడుతున్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. అయినా మీరూ ఒకసారి సంతోషపడండి, నా కోసం.

కానీ ఈ సంతోషం ఎవరి చేతుల మీదుగా మా ఇంటికి వచ్చిందో ఆ మనిషి పోయి ఇంకా నెల తిరగలేదు. ఆయన మా బామ్మర్ది, నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. బోధన్‌లో తన చెప్పుల దుకాణంలో ఒక పెద్దావిడ కాలికి చెప్పు తొడిగి చూపిస్తూ చూపిస్తూనే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను పసుపు చేనులో ఉన్నాను. చేను దాటి రోడ్డు మీదికి ఎట్లా వచ్చానో ఇప్పటికీ గుర్తులేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయనిదే ఈ సంతోషం నాకు మింగుడు పడటం లేదు. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

మా బామ్మర్ది మెకానిక్ కాడు. పొద్దంతా చెప్పులు అమ్మేవాడు. దుకాణం కట్టేసి, మా పక్క గల్లీలోనే ఉన్న తన ఇంటికి రాగానే లుంగీ ఎగగట్టి తన స్కూటర్ ముందు కూర్చునేవాడు. చేతి గేర్ల పాత స్కూటర్ అది. చెడిపోతే బాగుచేసేవాడు, చెడిపోకపోతే ఇంకా బాగుచేసేవాడు. ఒకసారి దానికి ట్రాక్టర్ లైటు బిగించాడు. ఎదురొచ్చేవాళ్లు లారీ వస్తోందనుకుని రోడ్డు దిగి నిలబడేవారు. దగ్గరికి వచ్చాక చూస్తే మా బామ్మర్ది, చెవుల దాకా నవ్వుకుంటూ! వాళ్లు తిట్టే తిట్లకు కూడా చెయ్యి ఊపుతూ పోయేవాడు. సీటు కుదుపుతోందని చెప్పుల అడుగు రబ్బరు కోసి పొరలు పొరలుగా దాని కింద పెట్టాడు.

"కూసొని సూడు బావా, పరుపు లెక్కుంటది."

"నడుము ఇరిగితే?"

"మా అక్కతోని ఇన్నేండ్లు ఏగినవ్, గీ సీటు నిన్నేం జేస్తది?"

వాళ్లక్క మాత్రం తక్కువదా! అన్నానికి కూర్చుంటే తలుపు దగ్గరే ఆపేది. "కిరసనాయిలు కంపు కొడుతున్నవ్ రా, పోయి చేతులు కడుక్క రాపో."

"సబ్బు వెట్టి కడిగిన అక్కా."

"చేతులు కాదురా, నీ బుద్ధే కిరసనాయిలు!"

ఆయనకొక అలవాటు ఉండేది. బండి విప్పేటప్పుడు కింద పాత చీర పరిచి, తీసిన ప్రతి ముక్కనూ దాని మీద వరుసగా పెట్టేవాడు. ఊరికే పెట్టడం కాదు, పెండ్లి భోజనాల బంతిలో చుట్టాలను కూర్చోబెట్టినట్టు ఒక్కొక్కదానికీ వరస పెట్టి పిలుస్తూ, పైకి మాట్లాడుతూ పెట్టేవాడు. "పెద్దనాయినా, నువ్వు ముందుగాల కూసో. ఆడబిడ్డా వదినా ఆనుకొని కూసోవద్దు, కొట్లాటైతది. నడుమ గీ సన్న వాచరు పోరి ఉండాలె." గల్లీలో పోయేవాళ్లు ఆగి నవ్వేవారు. నేనూ ఒకసారి అడిగాను, ఇదేం పిచ్చి బామ్మర్దీ అని.

"నట్టు, బోల్టు, వాచరు అంటే అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి బావా. పేరు వెట్టి పిలిస్తే యాదికుంటది. మనుషులైనా గంతే గదా" అన్నాడు.

పోయిన ఎండాకాలం యాసంగి కోతల్లో మా వాడు వరికోత మిషన్ మీద నుంచి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిన్నది. నిజామాబాద్ తీసుకుపోయాం, అక్కడినుంచి హైదరాబాద్ తీసుకుపోయాం. మంచం మీద తీసుకొచ్చి కిటికీ పక్కన వేశాం. ఆ రోజు గోడ వైపు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు. తల్లి ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పళ్లు బిగించేవాడు. "నన్ను గిట్లనే ఇడిసిపెట్టుండ్రి బాపూ" అన్నాడు ఒకసారి. ఆ మాట విన్నాక చేనుకు కొట్టే మందు డబ్బాలన్నీ మూట కట్టి బామ్మర్ది దుకాణంలో దాచాను. ఇంట్లో మొలతాడు చూసినా, చీర కొంగు చూసినా నాకు భయమే. నేనూ నా భార్యా ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మానేశాం. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందోనని. కొడుకు బతికి ఉండగానే ఇల్లు చావింటిలా అయింది. ఏ తండ్రికీ ఆ రోజులు రావద్దు.

అప్పుడు మా బామ్మర్ది తన స్కూటర్ తోసుకుంటూ వచ్చి మా వాకిట్లో, సరిగ్గా వాడి కిటికీ కింద, చీర పరిచి విప్పడం మొదలుపెట్టాడు.

"నీకు ఇల్లు లేదా?" అన్నాను.

"మా ఇంట్ల నీడ లేదు బావా."

వాళ్లింటి ముందు రేకుల కొట్టం ఉంది.

కిటికీలోకి తొంగి చూసి చెప్పాడు: "అల్లుడా, గీ బండి ఇగ నీది. గేరు, క్లచ్చు ఎట్లైన చేతులనే ఉన్నయి. కాలి బ్రేకు చేతికి తెస్త. ఎనక రెండు దిక్కుల చక్రాలు వెడ్త. కిక్కుకు ఇంత పొడుగు రాడ్డు వెడ్త, చేతితోని గుంజుడే."

"ఎవలడిగిండ్రు మామా నిన్ను?" లోపలినుంచి, గోడ వైపు నుంచి.

మా బామ్మర్ది చేతిలో ఉన్న స్ప్రింగుతో అన్నాడు: "ఇన్నవా? అల్లుడు మాట్లాడిండు!"

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. రోజూ కిటికీ కింద ఆ చుట్టాల పిలుపులే. వెనక చక్రాల చట్రం వెల్డింగ్ చేసి గోడకు ఆనించాడు. ఇంజన్ పక్క క్లచ్చు, గేర్ల సామానంతా శుభ్రం చేయడానికి విప్పి చీర మీద పరిచాడు. "రేపటి సంది బిగించుడే అల్లుడా" అని చెప్పి పోయాడు. మరునాడు దుకాణంలో ఒరిగిపోయాడు.

తోడబుట్టినవాడు పోతే మైల కదా. మూడో రోజు గల్లీ ఆడవాళ్లంతా వచ్చి మా ఇల్లు కడిగారు. గోడలు, గడపలు, వాకిలి అన్నీ. ఏడ్చుకుంటూ కడిగేవాళ్లకు నూనె మురికి ముక్కలు ఎట్లా కనిపిస్తాయి? చీర నాలుగు మూలలూ పట్టి ఎత్తి, ముక్కలన్నీ పసుపు బస్తాలో పోసి, చీరను మైల బట్టల్లో వేశారు. నేను కర్మ పనుల నుంచి తిరిగి వచ్చి చూస్తే వాకిలి పేడనీళ్లతో చల్లగా, పచ్చగా ఉంది. మా బామ్మర్ది కూర్చోబెట్టిన బంతి మొత్తం బస్తాలో కలిసిపోయింది. ఎవరిని ఏమంటాం? ఆచారం అది.

బోధన్ నుంచి ఒక మెకానిక్‌ను పిలుచుకొచ్చాను. బస్తా తెరిచి చూసి దండం పెట్టాడు. "ఇప్పినాయిన ఉంటే ఏమన్న అవుతుండె కాకా. ఆయిన ఏడ రబ్బరు ముక్క ఏసిండో, ఏడ వాచరు కలిపిండో దేవునికే ఎరుక. పాత సామానోనికి ఏసుకో" అన్నాడు.

నాకు ఇంకే దారీ కనిపించలేదు. ఆ బస్తా వాకిట్లో కనిపించినప్పుడల్లా నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంటోంది. లోపల మంచం మీద వాడు నీళ్లు కూడా ముట్టడం లేదు. మేనమామ శవం మా గల్లీ మీదుగా పోతుంటే కూడా గోడ వైపే ఉన్నాడు. వీడు కూడా ఆయన వెనకే పోతాడని నా మనసు గట్టిగా చెబుతోంది. పాత ఇనుప సామాన్లు కొనే ఆయన్ని పిలిచాను. ఆయన తక్కెడ కట్టి, బస్తాలోంచి పిడికెడు పిడికెడు తీసి గల్లుగల్లున వేస్తున్నాడు.

"ఆపు!"

నేను ఉలిక్కిపడ్డాను. లోపలినుంచి వాడే.

"బాపూ, అండ్ల సన్న వాచరు పోరి ఉంటది. పారేస్తడు. ఆపమను!"

తలుపు దగ్గరికి పరుగెత్తేసరికి మా వాడు మంచం దిగి ఉన్నాడు. మోచేతుల మీద పాకుతూ గడప దాటుతున్నాడు. ఎత్తబోతే వద్దన్నాడు. వాకిట్లో బస్తా దగ్గరికి వచ్చి, "చీర తేపో అవ్వా" అన్నాడు వాళ్లమ్మతో. నా భార్య కట్టుకునే చీరే తెచ్చి పరిచింది.

ఒక్కొక్క ముక్కా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పెట్టడం మొదలుపెట్టాడు. "పెద్దనాయినా, నువ్వు ముందుగాల. ఆడబిడ్డా, నువ్వు గీడ. గిది ఎవలు... మేనత్తనా? మేనత్తకు ఎనక రబ్బరు ఉండాలె, మామ చెప్పిండు." అవే మాటలు, అదే వరస. గోడ వైపు తిరిగి పడుకున్నన్ని రోజులూ వాడు ప్రతి మాటా విన్నాడు! తమ్ముడి మాటలు కొడుకు నోట వినలేక నా భార్య గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. పాత సామాన్ల ఆయన తక్కెడ చుట్టి పక్కన పెట్టి, "అరే భాయ్, గీ మేనత్త రెండోది నా తాన ఉన్నది, తీస్కో" అని జేబులోంచి ఒక ముక్క తీసి ఇచ్చాడు. ఏడుస్తూనే నవ్వాం.

ఆ తర్వాత మాట వాడిది, బలం నాది. వాడు చెప్పేవాడు, నేను పానా తిప్పేవాణ్ణి. తప్పు బిగించాను, మళ్లీ విప్పాను. "మామైతే గింత తొందర వడకపోవు బాపూ" అని కసిరేవాడు. ఎంత తియ్యగా ఉండేదో ఆ కసురు! ఎన్నిసార్లు రాడ్డు గుంజినా బండి పలకలేదు. ఒకనాడు వాడు నా చేతిలోని పానా లాక్కుని విసిరేశాడు, మళ్లీ గోడ వైపు తిరుగుతాడేమో అనుకున్నాను. తిరగలేదు. కార్బురేటర్ తీయమన్నాడు. నిన్న పొగ వచ్చింది. ఈ పొద్దున ఇంజన్ పలికింది. వాడు సీటు మీదికి చేతులతో ఎక్కి, నా వైపు చూడకుండా, పోయాడు. వచ్చేదాకా నేను గల్లీ మూలన నిలబడే ఉన్నాను.

ఇక చెప్పాల్సినవాళ్లు. ముప్కాల్‌లో మా పెద్దన్నకు చెప్పాలి, వీడి పేరు మీద మొక్కు మొక్కి ఇంతవరకూ మాంసం ముట్టలేదు. నవీపేట్‌లో మా అక్కకు చెప్పాలి, ఆమెకు వినపడదు, మనవడితో సైగలు చేయించాలి. నిజామాబాద్‌లో నా బిడ్డకు చెప్పాలి, అన్న పడ్డప్పటినుంచీ ఫోన్ ఎత్తితే ఏం వార్తోనని వణికేది, దానికి ముందు "భయపడకు" అని చెప్పి తర్వాత చెప్పాలి.

మోస్రాలో మా బామ్మర్ది భార్యకు. దినాలయ్యాక ఆమెను పుట్టింటికి తీసుకుపోయారు. "అత్తకు ఫోన్ చెయ్యకు బాపూ, నేనే పోయి చెప్త" అని మా వాడు చాయ తాగి మళ్లీ బండెక్కాడు. ఆగమంటే ఆగలేదు. ఇది రాస్తుండగానే గల్లీ దాటాడు. ఇన్నేళ్లూ రోజూ ఆ స్కూటర్ చప్పుడు విని, ఆయన వచ్చాడని ఆమె పొయ్యి మీద చాయ పెట్టేది.

కాబట్టి అందరికంటే ముందు మోస్రాలోనే ఉన్న ఆమె తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాలి. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పోయి మీ అక్క పక్కన కూర్చో, బండి మీ గల్లీ తిరిగేసరికి ఆమె ఒక్కతే ఉండొద్దు అని.