అన్న కోసిన గీతలు

మా అన్న మరమగ్గం మీద పనిచేసేవాడు. కరీంనగర్ జిల్లాలోని మా ఊళ్లో ఆ మగ్గాల చప్పుడు వినబడని వీధి లేదు. బాపు పోయి, అవ్వ మా ఇద్దరితో మిగిలాక, అన్న తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి నన్ను చదివించాడు. నేను హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ పరిశోధనకు చేరినప్పుడు, "మా చెల్లె టీవీల లోపలి పని నేర్చుకుంటుంది" అని కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

అది పూర్తిగా తప్పేం కాదు. టీవీలో ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. గోరంత స్ఫటికపు ముక్క మీద వెంట్రుక కన్నా సన్నని లోహపు గీతలు. వాటిలోకి వచ్చిన విద్యుత్తు స్ఫటికం పైపొర మీద అలగా పరుగెత్తి, అవతలి కొసన మళ్లీ విద్యుత్తుగా మారుతుంది. గీతల మధ్య ఎడాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాలే దాటగలుగుతాయి. ఆ దాటే మేర బాగా ఇరుకు. దాన్ని పెంచడమే నా పని. గీతలను విసనకర్రలా ఏటవాలుగా విప్పితే పెరుగుతుందని లెక్క వేశాను.

ఆ గీతలను ముందు ఎర్రటి ప్లాస్టిక్ పొర మీద చాలా పెద్దవిగా బ్లేడుతో కోసి, తర్వాత కెమెరాతో కుదించాలి. నా చేతికి నిలకడ లేదు. రెండు పొరలు పాడుచేసి, మిగిలిన ఒక్కటీ పట్టుకుని ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వచ్చాను.

అన్న దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "గింతేనా? తెగిన పోగును ఎతికి ముడేసేటోన్ని, గిది కొయ్యనా?"

పన్నెండు రోజులు, పనికి పోయే ముందు కూర్చుని కోశాడు. గాలికి పొర కదులుతుందని ఫ్యాను ఆపించేవాడు. అవ్వ గడపలో కూర్చుని ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు.

ఫిల్టరు తయారయ్యాక ల్యాబులో కొలిచాం. మేర పెరిగింది. కానీ సంకేతం దాదాపు చచ్చిపోయింది. మా గైడు సూక్ష్మదర్శినిలో ప్రతి గీతనూ కొలిచి కాగితాల మీద రాశారు. "గీతలు చక్కగా ఉన్నాయమ్మా. అల దారిలో పక్కలకు చెదురుతుందన్న సంగతి నీ లెక్కలో లేదు. తప్పు అక్కడే." మళ్లీ చేయడానికి స్ఫటికం లేదు. నా గడువూ అయిపోయింది.

ఇంటికి రాగానే అన్న అడిగాడు. "ఏమైంది చెల్లే?"

"పనిచెయ్యలే అన్నా."

తన చేతులు చూసుకున్నాడు. "ఒక గీత కాడ బ్లేడు జర జారినట్టనిపిచ్చింది. నీకు చెప్పలే. గందుకే చెడ్డదా?"

కాదు అంటే సరిపోయేది. అనలేదు. నా లెక్కే తప్పని తెలిస్తే, ఇలాంటి దాని కోసమా తాను బడి మానేసింది అని అన్న అనుకుంటాడేమోనని భయపడ్డాను. తల వంచుకున్నాను. అదే జవాబు అనుకున్నాడు.

నేను ఆదిలాబాద్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిపోయాను. అన్న మాత్రం, "నా చేతులతోనే మా చెల్లె సదువు ఆగింది" అని చుట్టాల దగ్గర అనేవాడట. ఆ మాట నా చెవిన పడ్డ ఏడు, ఊరికి పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అన్నా, నీ గీతలు మంచిగనే ఉండె. తప్పు నా లెక్కది."

నవ్వాడు. "నా మనసు కుదుటపడాలెనని చెప్తున్నవ్. నాకెర్కే."

ఒట్టు వేశాను. ఏడ్చాను. "ఫికర్ చెయ్యకు చెల్లే" అని నన్నే ఓదార్చాడు. ఆయన బతికినన్నాళ్లూ నమ్మలేదు. నమ్మించగల కొలతల కాగితాలు సిగ్గుతో ఎప్పుడో చించి పారేసింది నేనే.