అద్దాల రాజవ్వ రేటు పెంచినప్పుడు

తడి అద్దం మీద రబ్బరు వైపర్ పైనుంచి కిందికి దిగుతుంటే ఒక కూత వస్తుంది. ఎలుకపిల్లకు ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. ఈ ఉదయం కోరుట్లలో హోటల్లో కూర్చుని చాయ్ తాగుతుంటే, ఎదురుగా మందుల దుకాణం అద్దం మీద మా దగ్గర పనిచేసే వెంకటి వైపర్ లాగుతున్నాడు. ఆ కూత చెవిన పడగానే రాజవ్వ గుర్తుకొచ్చింది. చుట్టూ ఉన్న బల్లల దగ్గర జనం నన్ను తిడుతున్నారు. అద్దాలు తుడిచే రేటు నేను పెంచిన వారం ఇది. బంగారం దుకాణం ఆయన తిడుతున్నాడు, చెప్పుల దుకాణం ఆయన అంతకు రెండింతలు తిడుతున్నాడు. నాకు వినపడాలనే తిడుతున్నారు కాబట్టి నేను కూడా మర్యాదగా వింటున్నాను. మూలన ఫోటో స్టూడియో శ్రీనివాస్ ఒక్కడే ఏమీ అనకుండా చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. పాపం, మంచివాడు అనుకున్నాను.

నేను చెప్పేవాటిలో సగం కోసేసి వినాలని మా ఇంట్లోవాళ్లు కొత్తవాళ్లకు ముందే చెబుతారు. జగిత్యాలలో రాజవ్వ తుడిచిన అద్దానికి తగిలి ఒక కాకి కింద పడింది, ఆనాటి నుంచి ఆ బజారులో అది ఎగరడం మానేసి నడిచే తిరుగుతోంది అని నేను చాలామందికి చెప్పాను. అది మీరు కోసుకోవచ్చు. కానీ రాజవ్వ బకెట్‌లో మురికి నీళ్లు చూసి అవి ఏ ఊరివో చెప్పేది. ఇది కోయకండి. సిరిసిల్ల నీళ్ల మీద మగ్గాల నుంచి వచ్చే నూలు నూగు తేలుతుంది. జగిత్యాల నీళ్ల అడుగున మిల్లుల ఊక దుమ్ము దిగుతుంది. కోరుట్ల నీళ్లు నల్లగా, బస్సుల పొగతో ఉంటాయి. సిరిసిల్ల నూగు అంతా ఏడాదిపాటు దాచి ఆమె ఒక బొంత కుట్టిందని, దాని కింద నేను పడుకున్నానని కూడా చెప్పుకున్నాను. ఆమె విని, "సలి ఆగిందా మరి?" అని మాత్రం అడిగింది.

రాజవ్వ భర్త తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుము నొప్పి పట్టుకుని చెట్టెక్కడం మానేశాక ఆమె ఇంట్లో బీడీలు చుడుతూ ఉండేది. ఒక రోజు జాకెట్ గుడ్డ కోసం కోరుట్లలో లక్ష్మీరాజం సేటు బట్టల దుకాణానికి వెళ్లింది. ఆ వీధిలో అద్దాల తలుపులు పెట్టిన మొదటి దుకాణం అది. సేటు తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు, తుడిచిన కొద్దీ చారలు పెరుగుతున్నాయి. ఆమె పాత పేపర్ ఒకటి అడిగి తీసుకుని, నలిపి, పొడిగా ఒక్కసారి లాగింది. లోపలి చీరలు బయటికి వచ్చి నిలబడ్డట్టు కనిపించాయట. "బిడ్డా, శుక్రారం శుక్రారం అచ్చి గిట్ల చేసిపోతవా?" అన్నాడు సేటు. అక్కడి నుంచి ఆమె పని ఆ మూడు ఊళ్లకు పాకింది. నేను చేరేనాటికి నాకు ముప్పై దాటాయి, చేసిన పనులన్నీ మధ్యలో వదిలేసిన ఘనత ఉంది. భర్త చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకున్న మోకు తాడు నా నడుముకు కట్టి పై అంతస్తుల కిటికీల దగ్గరికి దింపేది. "పట్టు గట్టిదేనా అక్కా?" అని వేలాడుతూ అరిస్తే, "మా ఆయిన ముప్పై ఏండ్లు నమ్మిండు, నువ్వు పావుగంట నమ్మలేవా తమ్మీ?" అనేది.

ఆ మోకే అరిగిపోయింది. దాని పీచు నా చొక్కాకు అంటుకుంటుంటే ఆమె నన్ను పైకి పంపడం ఆపేసింది. పై అంతస్తుల పని ఆగింది. కొత్త బెల్టులు కొనాలి, డీజిల్ పెరిగింది, మా నలుగురికీ కూలీ పెంచి కూడా చాలా రోజులైంది. గిరాకీలు మాత్రం మొదట కుదిరిన రేటే ఇస్తున్నారు. పాతవాళ్లను ఎక్కువ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పెంచకపోతే మాలో ఇద్దరిని మానిపించాలని ఆమె లెక్క వేసుకుంది. ఆ ఇద్దరిలో మొదటివాణ్ని నేనేనని నాకు బాగా తెలుసు. అందుకే సలహా ఇచ్చాను.

"అక్కా, సబ్బు జపాన్ నుంచి అస్తుందని చెప్దాం. షిప్పు కిరాయి పెరిగిందంటే నమ్ముతరు."

"సబ్బు మన కిరాణంలనే కొంటున్నం గదా."

"వాళ్లకేం ఎరుక?"

"నువ్వు కారణం చెప్తివనుకో, వాళ్లు కారణంతోటి బేరం చేస్తరు. జపాన్ సబ్బు నాకొద్దు, కిరాణం సబ్బుతోటే తుడువు, పాత రేటే ఇస్త అంటరు. అప్పుడేం జేస్తవ్?"

నా కథ కూలడానికి అంత చిన్న ప్రశ్న సరిపోతుందని అప్పటిదాకా తెలియదు. రేటు పెంచడం పెండ్లికి పిలిచినట్టు అన్నది ఆమె. గడప తొక్కి చెప్పాలి, ఫోన్ చేసి పిలిస్తే ఎవరు వస్తారు? చేతిలో బకెట్ ఉండొద్దు. సగం అద్దానికి సబ్బు పూసి డబ్బులు అడిగితే బెదిరించినట్టు ఉంటుంది. మరునాడు పట్టు అంచు చీర కట్టుకుని, నిచ్చెన ఇంటి దగ్గర దింపించి, ట్రాలీ ఆటోలో నా పక్కన కూర్చుంది. ముందు సిరిసిల్ల.

అక్కడ బట్టల షోరూమ్ ఓనర్ సంగతి విని కుర్చీలో వెనక్కి వాలాడు. "పాత గిరాకిని రాజవ్వా. పాతోళ్లకు తగ్గిస్తరా, పెంచుతరా?"

"పాతోళ్లని మీకే ముందుగాల చెప్పనీకి అచ్చిన."

"ఎందుకు పెంచుతున్నవో అదన్న చెప్పు."

ఆమె చెప్పలేదు. నవ్వుతూ కూర్చుంది. నా నాలుక మీద జపాన్ ఓడ వచ్చి ఆగింది, అయినా మింగేశాను. ఆయన ఫ్యాన్ వైపు చూశాడు, ఫోన్ చూశాడు, చివరికి తన అద్దంలోంచి బయటికి చూశాడు. రోడ్డు అవతల నడిచే మనిషి చొక్కాకు ఊడిన గుండీ కూడా కనిపిస్తోంది. "ఒకటో తారీఖు నుంచా?" అని గొణిగి, మేము మెట్లు దిగుతుంటే మంచిగా ఒక తిట్టు తిట్టాడు. "ఒప్పుకున్నడు" అన్నది రాజవ్వ. తిట్టకుండా సరే అన్నవాడు వచ్చే నెల మానేస్తాడని, తిట్టినవాడు ఉంటాడని ఆమె నమ్మకం. జగిత్యాలలో కూడా అలాగే జరిగింది. ఒక డాక్టరుగారు మాత్రం తిట్టలేదు, వచ్చే నెల మానేశారు కూడా.

కోరుట్లలో ప్రతి దుకాణం ముందూ ఆగాం. లక్ష్మీరాజం సేటు దుకాణం రాగానే నేను బ్రేకు మీద కాలు పెట్టాను.

"పోనియ్" అన్నది.

"మన మొదటి గిరాకి గదా అక్కా."

"అందుకే. బొమ్మల మీద చూడు, దసరకు కట్టిన చీరలే ఉన్నయ్."

నిజమే. బస్టాండు దగ్గర పెద్ద బట్టల మాల్ తెరిచినప్పటి నుంచి సేటు దుకాణంలో ఈగలు కూడా చూసి వెళ్లిపోతున్నాయి. ఆ ముసలాయనను ఎక్కువ అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. నాకూ అది ధర్మంగానే తోచింది. ఆటో పోనిచ్చాను. సేటు గద్దె మీద కూర్చుని మమ్మల్ని చూశాడో లేదో తెలియలేదు. అద్దం మేము తుడిచిందే కాబట్టి చూసే ఉంటాడు.

శుక్రవారం బకెట్లతో వెళ్లేసరికి సేటు బయట నిలబడి తానే పేపర్‌తో అద్దం రుద్దుతున్నాడు. పాత చారలే మళ్లీ వచ్చాయి.

"ఏం పని రాజవ్వా?" అన్నాడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవగా వినడం నాకు అదే మొదటిసారి. ఎప్పుడూ బిడ్డా అనేవాడు.

"శుక్రారం గదా సేటూ."

"మా అద్దం మేమే తుడుసుకుంటం. మీరు పోండ్రి."

రాజవ్వ బకెట్ కింద పెట్టింది. "తప్పేం జేసిన?"

సేటు పేపర్ ఉండ చుట్టి చేతిలోనే పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "హోటల్ల కూసుంటే చెప్పులాయన నిన్ను తిట్టవట్టె. మందులాయన తిట్టవట్టె. సేటూ, నీకెంత పెంచిందని బంగారపోడు నన్నడిగిండు. నేనేమని తిట్టాలె? నాకు పెంచలేదంటే ఏమంటరు? అద్దాలు తుడిసే రాజవ్వనే జాలి పడ్డది, సేటు పని అయిపోయింది అంటరు. రేపు సూరత్ పార్టీకి తెలిస్తే సరుకు ఉద్దెర ఇస్తడా?" మళ్లీ అద్దం వైపు తిరిగి, "బజారంత పిలుసుకుంట అచ్చి, మా ఇంటి ముంగటికెల్లే పోతివి" అన్నాడు.

బకెట్లు మేము ఆటోలో పెట్టుకున్నాం. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా నేను నోరు తెరవలేదు. నన్ను ఎరిగినవాళ్లకు నేను చెప్పిన వాటన్నిటిలోకి ఇదే పెద్ద కోతలా వినిపిస్తుంది. ఊరి పొలిమేర దగ్గర రాజవ్వ అన్నది: "మంచి చేసిననుకున్న తమ్మీ. ఆయిన దగ్గర పైసల్లేవని నేనే డప్పు కొట్టి అచ్చిన."

మరునాడు మళ్లీ పట్టు అంచు చీర. మళ్లీ ఖాళీ చేతులు. దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు లైనింగ్ గుడ్డ చూస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామని నేను సైగ చేశాను. ఆమె ఆగలేదు, వాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

"సేటూ, ఒకటో తారీఖు నుంచి రేటు పెరుగుతంది. బజార్ల అందరికెంతనో మీకూ గంతే."

సేటు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "గంతనా? దోపిడి జేస్తున్నవా?"

"గంతే."

"నీ మొదటి గిరాకిని. ఇరువై తగ్గియ్యి."

ఇప్పుడు తగ్గిస్తుందనే అనుకున్నాను, నేనైతే తగ్గించేవాణ్ని.

"రూపాయి తగ్గది సేటూ."

"కొసరన్న ఇయ్యవా?"

"కొసరిస్త. లోపల ఆడోళ్లు చీర మీదేసుకొని చూసుకునే అద్దమున్నది గద, గది గూడ తుడుస్త."

సేటు ఆ ఆడవాళ్ల వైపు తిరిగాడు. "చూసిండ్రా అమ్మా, ఎట్లున్నయో రోజులు." ఆ తర్వాత మామూలు గొంతుతో, "కూసో బిడ్డా, చాయ్ చెప్త" అన్నాడు.

సాయంత్రం హోటల్లో సేటు తిట్టిన తిట్లకు పొయ్యి మీద పాలు విరిగిపోయాయని నేను చెబుతుంటాను. మీ ఇష్టం. "గా రాజవ్వకు కండ్లు నెత్తికెక్కినయ్. నా అసొంటోన్ని గూడ ఇడువలే" అన్నది మాత్రం నా చెవులతో విన్నాను. బంగారం దుకాణం ఆయన ఓదారుస్తూ సేటు చాయ్ డబ్బులు తానే ఇచ్చాడు. సేటు కొన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చేవాడు. ఆమె ఆ సంగతి ఎత్తేది కాదు. సరుకు వస్తూనే ఉండింది. చీరలు తగ్గించి లైనింగులు, ఫాల్స్ పెట్టి దుకాణం నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన కూతురు అందులో జాకెట్లు కుట్టిస్తోంది. ఈ వారం ఆమె కూడా నన్ను తండ్రికి తగ్గ బిడ్డలాగే తిట్టింది.

రాజవ్వ పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆటో, నిచ్చెనలు, ముగ్గురు మనుషులు, మూడు ఊళ్లు నాకు మిగిలాయి. అరిగిన మోకు కూడా నా దగ్గరే ఉంది, దాన్ని ఎవరికీ కట్టను. రేటు పెంచే వారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒట్టి చేతులతో ప్రతి గడపా తొక్కుతాను. కారణం చెప్పను. నా నోటికి అది ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఆ తర్వాత హోటల్లో కూర్చుని తిట్లు వింటాను. ఎవరు తిడుతున్నారో వింటానని ఇన్నాళ్లూ అనుకున్నాను, ఎవరు తిట్టడం లేదో కూడా వినాలని ఇవాళే తెలిసింది.

"ఏం శ్రీనన్నా, సప్పుడు చేస్తలేవు. నీకెంత పెంచిండు?" అని చెప్పుల దుకాణం ఆయన మూలకు తిరిగి అడిగాడు.

శ్రీనివాస్ బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. తీసుకోలేదు. అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాక అతని స్టూడియోకు పాస్‌పోర్ట్ ఫోటోలు తప్ప ఏమీ రావడం లేదు. ఆ జాలితోనే మొన్న అతని దుకాణం దాటుతూ నేను ఆటో ఆపలేదు. అతను తల ఎత్తి నన్ను చూశాడు.

"శ్రీనన్నకు ఇంకా చెప్పలేదు" అన్నాను అందరికీ వినపడేలా. "గాయిన బేరానికి కూసుంటే నేను నిలవలేను. భయమై ఆఖరుకు పెట్టుకున్న. ఇప్పుడు గక్కడికే పోతున్న."

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. శ్రీనివాస్ గ్లాసు పక్కకు నెట్టాడు. "రా, రా. పైస గూడ పెంచనియ్య."

కోతలు కోసేవాణ్ని కదా, ఆమె ఉంటే ఈ కోతను కోయమని అనేది కాదనుకుంటాను. చాయ్ డబ్బులు ఇచ్చి, చొక్కా మడతలు సర్దుకుని, ఒట్టి చేతులతో ఫోటో స్టూడియో వైపు నడిచాను. వెనక హోటల్లోంచి శ్రీనివాస్ గొంతు అందరి గొంతుల కంటే పైన వినిపిస్తోంది.

"చూసిండ్రా వీని ధైర్యం. నా అసొంటోన్ని గూడ ఇడుస్తలేడు."