గాలికి దోవ

మొన్న కార్తీకంలో కడప నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత కిరసనాయిలు హీటర్లు సేకరిస్తుంటాడట. మా ఇంట్లో కొన్ని ఉన్నాయని ఎవరో చెప్పారట, వచ్చి చూడొచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. వచ్చినవాడు అటక మీంచి దింపించిన వాటిని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు కాస్త సిగ్గుపడుతూ చూశాడు. ఏది ఇత్తడి, ఏది రేకు, దేనికి వత్తి, దేనికి పంపు, అన్నీ చెప్పాను. మా ఆయనతో కాపురం చేసిన దాన్ని, ఆ మాత్రం చెప్పలేనా! చివర్లో ఆయన, "ఇవి ఇంట్లో వెలిగించుకోవచ్చా అమ్మా?" అన్నాడు. మామూలు ప్రశ్నే. నేను మాత్రం ఆయన చేతిలోని హీటరు తీసుకుని కింద పెట్టాను. ఆరుబయట అయితే వెలిగించుకో నాయనా, నాలుగు గోడల మధ్య వద్దు అని చెప్పి పంపాను. ముసలమ్మకు చాదస్తం అనుకుని ఉంటాడు. అనుకోనీ. ఆయన వెళ్లాక ఆ రోజంతా నాకు ఏ పనీ చేతికి రాలేదు.

కర్నూలులో హీటర్లు పోగుచేసిన మనిషిని మా ఆయన్ని తప్ప ఇంకెవర్నీ నేను ఎరగను. వేసవిలో తారు కరిగి చెప్పులకు అంటుకునే ఊరు మాది. మాకు పాత ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు, కల్లూరులో అప్పుడే కట్టుకున్న ఇల్లు ఉండేవి. ఎక్కడో ఒక పాత మిషన్ బంగళా ఖాళీ చేసినప్పుడు తూకానికి వచ్చిన ఇనుములో ఆయనకు మొదటి హీటరు దొరికింది. దొరలు పల్లెలకు క్యాంపు వెళ్లేటప్పుడు గుడారంలో పెట్టుకునేదట. పైన పట్టుకోవడానికి కడ్డీ, కింద గుండ్రటి ట్యాంకు, మధ్యలో చిల్లుల గొట్టం. మన ఎండల్లో దీనితో ఆ దొరకేం పని, చలిజ్వరం వచ్చి ఉంటుంది అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పటికే ఆయన చూపు దాని మీద పడిపోయింది. ఆ తర్వాత హైదరాబాదు వెళ్తే ఒకటి, బళ్లారి వెళ్తే ఒకటి, మంత్రాలయంలో సత్రం పాత సామాను అమ్మేస్తుంటే ఒకటి. స్వామి దర్శనానికి వెళ్లి హీటరుతో తిరిగొచ్చిన భక్తుడు ఆయనొక్కడే అయి ఉంటాడు. మా అత్త మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేది, "వీడు కొరివితో తల గోక్కుంటాండాడు" అని.

నిజం చెప్పాలంటే ఆయన గోక్కునే రకం కాదు. మా అత్తకు వంటింట్లో ఎంత మడి ఉందో, ఆయనకు ఆ హీటర్ల దగ్గర అంత మడి ఉండేది. కొత్తది ఏది వచ్చినా ముందు ట్యాంకుకు సబ్బునీళ్లు రాసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమో చూసేవాడు. పాత వత్తి ఏ పీచుతో నేశారో తెలియదని మూతికి తడిగుడ్డ కట్టుకుని, దాన్ని తడిపి, కాగితంలో చుట్టి పారేసి కొత్తది వేసేవాడు. పంపు లోపలి తోలు వాషరును కొబ్బరినూనెలో నానబెట్టేవాడు. ఆ నూనె నా తలనూనె సీసాలోది. రేషన్ కిరసనాయిల్లో ఏమేం కలుపుతారో దేవుడికెరుక అని గుడ్డలో వడకట్టి, ట్యాంకు అంచుదాకా కాకుండా కొంచెం వెలితిగా పోసేవాడు. మండుతున్నప్పుడు నింపకూడదు, కదపకూడదు. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. వెలిగించడం ఎప్పుడూ వాకిట్లోనే. అందరికీ చెప్పే మాట ఒకటుండేది. "మంట నీలంగా ఉండాల. పసుపుపచ్చగా అయిందంటే దానికి ఊపిరాడ్తా లేదని. దానికి ఆడకుంటే మనకూ ఆడదు." ఇంట్లోకి తేవాల్సి వస్తే కిటికీ బెత్తెడైనా తెరిచి ఉండాలనేవాడు. మేము వినీ వినీ, శుభలేఖలో పెద్దల పేర్లు చదివినట్టు, పైపైన వినేసి వదిలేసేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, ఒక మార్గశిరంలో, మా ఆడబిడ్డ పురుడు పోసుకోవడానికి పుట్టింటికి, అంటే మా ఇంటికి, వచ్చింది. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. మొక్కని దేవుడు లేడు. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చిన వెంటనే తుపాను పట్టుకుంది. మా సీమలో వాన కోసం ముఖం వాచి ఉంటాం, అదేమో సమయం చూసుకుని ఇలాంటప్పుడే వస్తుంది. చినుకు ఆగదు, ఎండ రాదు, గోడలు చెమ్మగిల్లాయి.

బాలింత గది మా అత్త రాజ్యం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు గాలి అంటే రెండు అర్థాలు. చెట్టుకొమ్మను ఊపేదీ గాలే, మిట్టమధ్యాహ్నం ఊరి బయట మనిషిని పట్టుకునేదీ గాలే. మా అత్తకు ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు. బాలింతకు చలిగాలి తగిలినా చేటే, చెడ్డగాలి సోకినా చేటే, రెండూ వచ్చేది ఆ కిటికీలోంచే. అందుకని చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద చీపురు, తలుపు మీద వేపమండ, గదిలో బొగ్గుల కుంపటి. కుంపటి పొగకు పసిబిడ్డ దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు ఆమె కళ్లు, ఏనాడూ చూడని మా ఆయన హీటర్ల మీద పడ్డాయి.

ఆయన ముందు ఒప్పుకోలేదు. తల్లి పట్టు వదల్లేదు. చెల్లెలు చలికి వణుకుతుంటే చూసి మెత్తబడ్డాడు. అన్నిట్లోకీ మంచిదాన్ని వాకిట్లో చాలాసేపు మండించి, వాసన పోయి మంట నీలంగా నిలబడ్డాక ఆర్పి, చల్లారాక లోపలికి తెచ్చి, మంచానికి దూరంగా పెట్టి మళ్లీ వెలిగించాడు. కిటికీ తెరిచి, రెక్క మూసుకోకుండా మధ్యలో చెక్కముక్క పెట్టాడు. తను కొట్టుకు పోయొచ్చేదాకా దాన్ని తీయొద్దని తల్లికి రెండుసార్లు చెప్పాడు. ఆమె సరేనంది. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. అంతే. చెక్కముక్క తీసేసి, కిటికీ గడియ పెట్టి, సందుల్లో పాత చీరపేలికలు కుక్కింది. ఆమె లెక్క ఒక్కటే. కుంపటికి పొగ ఉంది కాబట్టి కీడు. దీనికి పొగ లేదు, వాసన లేదు, ఇంకేం చేస్తుంది?

వానకు బడికి సెలవిచ్చారు. నేను పంతులమ్మను, ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. షేర్ ఆటో దిగి గొడుగు మూస్తుండగానే, వాకిట్లో పక్కింటి ఆడవాళ్లు నిలబడి కనిపించారు. మా అత్త గది బయట గొళ్లెం పెట్టి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ముఖం కంది ఉంది. ఏమైందత్తా అంటే, ఆమె గొంతు తగ్గించి చెప్పింది. పాపకు, అంటే మా ఆడబిడ్డకు, పొద్దున్నించీ తలనొప్పి. తర్వాత వాంతి. ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు, కళ్లు తేలేస్తాంది. బిడ్డ కూడా పాలకు ఏడవడం లేదు. తనకూ గదిలోకి పోతే కళ్లు తిరుగుతున్నాయి, తననూ పట్టుకోబోతాంది. గాలి సోకింది. దర్గా దగ్గర తాయెత్తు కట్టే సాయిబుకు మనిషిని పంపింది. ఆయన వచ్చేదాకా తలుపు గానీ, తను మూసిన కిటికీ గానీ తెరవకూడదు, తెరిస్తే బయటి గాలి కూడా దానికి తోడవుతుంది.

బిడ్డ ఏడవడం లేదన్న మాట వినగానే కొట్టుకు ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న కిటికీ తెరిచి ఉందా అని. లేదన్నాను. "ఇద్దర్నీ గదిలోంచి బయటికి తీసుకురా. ఎవరేమన్నా సరే. నేను వస్తాండా" అని పెట్టేశాడు. నేను వెళ్లి గొళ్లెం తీయబోయాను. మా అత్త నన్ను తోసేసింది. బక్కప్రాణి, అంత బలం ఎక్కడ దాచుకుందో. తెరిచినావంటే నా కూతుర్ని చంపినదానివి నువ్వే, అంది. అంత మాట అనేసరికి పక్కింటి వాళ్లు కూడా నా చేతులు పట్టుకుని, ఉండమ్మా, పెద్దామె చెప్తాంది కదా అన్నారు. ఆ క్షణంలో ఆమె మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్లను విదిలించుకుని ఇంటి వెనక్కి పరుగెత్తాను. కిటికీ రెక్కలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. గొడుగు మొనతో సందులోని పేలికలను లోపలికి పొడిచాను. ఒకటి రెండు ఊడాయి. ఆ సందులోంచి మొహానికి ఉక్కగా, బరువుగా వేడి కొట్టింది. ఆడబిడ్డను పిలిచాను. పలకలేదు. సందులోంచి మంట మాత్రం కనిపించింది. పసుపుపచ్చగా, పొడుగ్గా ఊగుతోంది.

స్కూటరు చప్పుడుకు ముందువైపు పరుగెత్తాను. ఆయన తడిసిన చెప్పులతోనే హాల్లోకి వచ్చేశాడు. తల్లి కదల్లేదు. నన్ను దాటుకొని పో, అంది. ఆయన తల్లి మాట ఎన్నడూ జవదాటని మనిషి. అయినా ఆమెను ఎత్తి పక్కన పెట్టేస్తాడనుకున్నాను. కానీ ఆమె వేళ్లు గొళ్లేన్ని ఎలా చుట్టుకున్నాయంటే, విరవకుండా విడదీయలేడు. చుట్టూ జనం. అరుస్తాడేమో అనుకున్నాను. ఆయన అరవలేదు. ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు.

"అమ్మా, నువ్వు చెప్పేది నిజమే. లోపల గాలి ఉండాది. శానా చెడ్డ గాలి. అది పోవాలంటే యాడికి పోవాల? దోవంతా నువ్వు మూసి పెట్టినావు. దోవ ఇయ్యి, నేను పంపిస్తా."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. లోపలి నుంచి ఏ అలికిడీ లేదు.

"పోతాదా?" అంది.

"పోతాది."

గొళ్లెం ఊడింది. ఆయన ఊపిరి బిగబట్టి లోపలికి దూకి, ముందు బిడ్డను తెచ్చి మా అత్త చేతుల్లో పెట్టాడు. తర్వాత నేనూ ఆయనా కలిసి ఆడబిడ్డను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాం. ఆయన మళ్లీ వెళ్లి వత్తి దించి, కిటికీ బార్లా తెరిచి వచ్చాడు. బిడ్డ బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మెడ వాలిపోతోంది. ఏడుపు లేదు. మా అత్త అలవాటుకొద్దీ కొంగు కప్పబోయింది. ఆయన ఆపి, "గాలికి పట్టమ్మా" అన్నాడు. వెంట్రుకంత చలి కూడా తగలనివ్వకుండా ఆ బిడ్డను కాచిన మనిషి, కొడుకు మాట మీద, వాన జల్లు కొడుతున్న వరండా అంచుకు వెళ్లి, మనవరాలిని ఈదురుగాలికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. బిడ్డ ముక్కు ముడుచుకుంది. తుమ్మింది. తర్వాత కోపంగా, గుక్కపట్టి ఏడ్చింది. నేను వరండాలో కూలబడి ఏడ్చాను. సిగ్గు కూడా అనిపించలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మేము చేయగలిగింది ఉండేది కాదు అని డాక్టరమ్మ అంది. దాన్ని గురించి మేము ఇంట్లో మళ్లీ మాట్లాడుకోలేదు. ఆడబిడ్డ కోలుకుంది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైపోయి, నా మాట వినదు, అదే నాకు సంతోషం.

మా ఆయన ఆ హీటర్లలో నూనె ఒంపేసి, వత్తులు పీకేసి అటకెక్కించాడు. పాతవి కొనడం మానలేదు, పిచ్చి అంత తేలిగ్గా పోతుందా. ఆ తర్వాత కొన్నవాటిని వాకిట్లో తప్ప వెలిగించలేదు. తల్లిని ఒక్క మాట అనలేదు. అనాల్సింది నేను చాలా దాచుకున్నాను గానీ, ఆయనను చూసి మింగేశాను. ఆమె మాత్రం తప్పు జరిగిందని చచ్చినా ఒప్పుకోలేదు. నా కొడుకు గాలిని తరిమినాడు అని ఊరంతా చెప్పుకుంది. దాంతో కోడుమూరు వైపు నుంచి కూడా జనం కొట్టుకు వచ్చి, మా ఇంట్లో ఒకామెకు సోకిందప్పా, ఒకసారి వచ్చి చూడు అని అడిగేవారు. ఆయన మేకులు తూస్తూనే, ముందు కిటికీలు తెరవండి, అప్పటికీ తగ్గకుంటే ఆసుపత్రికి పోండి అని పంపేవాడు. అది మంత్రమనుకుని వాళ్లు శ్రద్ధగా చేసేవారు.

మా అత్త కూడా చేసింది. ఆ తర్వాత వీధిలో ఏ ఇంట్లో పురుడైనా పిలవకుండానే వెళ్లి, బాలింత గది కిటికీ తనే తెరిచి, రెక్కకు అడ్డం చెక్కముక్క పెట్టి వచ్చేది. గాలి తగులుతుంది కదమ్మా అని ఎవరైనా అంటే, వచ్చేదానికి దోవ ఉంటేనే పోయేదానికీ దోవ ఉంటాది, అనేది. ఎవరి మాట నెగ్గింది, ఎవరిది ఓడింది అని నేను మొదట్లో చాలా ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆలోచించను. ఇద్దరూ పోయారు, ముందు ఆమె, తర్వాత ఆయన. పెళ్లి, పిల్లలు, బడి, కొట్టు, అన్నీ ఇట్టే గడిచిపోయాయి గానీ, గొళ్లెం మీద చెయ్యి తీయకుండా ఆమె కొడుకు ముఖంలోకి చూసిన ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా గడవనే లేదు.